ఈరక్కను అడగాల్సిన ప్రశ్న

పెనుకొండ కోర్టు వెనక సందులో రెండు గదుల ఆఫీసు ఒకటి ఉంది. వకీలును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయిల తరఫున వాదించడానికి ప్రభుత్వం పెట్టిన ఆఫీసు అది. దానికి పెద్ద గంగాదేవి. హిందూపురంలో ఇరవై ఏళ్ళపాటు పొలం గట్ల తగాదాలు, భాగపంపకాల దావాలు చూసుకుంటూ ఉన్న మనిషి, ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిందని తెలిసినప్పుడు బార్‌లో చాలామంది ఆశ్చర్యపోయారు. ఆమెకు భయం ఎక్కువని అందరికీ తెలుసు. కోర్టు హాల్లోకి వెళ్ళేముందు సంచి తెరిచి ఫైళ్ళు ఉన్నాయా లేవా అని మళ్ళీ మళ్ళీ చూసుకునేది. వాయిదా ఉన్న రోజు పొద్దున ఆమెకు అన్నం సయించదు.

ఇల్లు ధర్మవరంలో. పెళ్ళి చేసుకోలేదు. తల్లి కృష్ణమ్మ, తను, ఇద్దరే. పొద్దున ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కి పెనుకొండలో దిగడం, హిందూపురంలో వాయిదా ఉంటే అదే బండిలో ముందుకు పోవడం, సాయంత్రానికి తిరిగి రావడం. కంచంలో సంగటి సగం వదిలేసి లేచే కూతుర్ని చూసి కృష్ణమ్మ ఒకరోజు అడిగింది.

"ఇంత బయం పెట్టుకోని ఈ పని యాల ఎత్తుకొంటివే నువ్వు?"

గంగాదేవి చేయి కడుక్కుంటూ, బండికి టైమైందని మాత్రం చెప్పి బయటపడింది.

ఆఫీసులో ఆమె కింద పనిచేసే వకీళ్ళలో యశోద చిన్నది. మడకశిర పిల్ల. తెలుగు ఎంత బాగా మాట్లాడుతుందో కన్నడం అంత బాగా మాట్లాడుతుంది. కన్నడం ఎక్కువగా వినిపించే గుడిబండ వైపు కేసులన్నీ అందుకే గంగాదేవి ఆమెకే ఇచ్చేది. రంగప్ప కేసు కూడా అలాగే యశోద చేతికి వచ్చింది.

రంగప్ప గొర్రెలు మేపుకునేవాడు. గుడిబండ దగ్గర ఒక పల్లె. అదే పల్లెలో చంద్రమోహన్ అనే పెద్ద రైతు ఉన్నాడు. ఒకరోజు రంగప్ప మంద చంద్రమోహన్ చేన్లో పడింది. చంద్రమోహన్ మనుషులు రెండు గొర్రెల కాళ్ళు విరగ్గొట్టారు. కడుపుమంటతో రంగప్ప నలుగురిలో నిలబడి, "నీ వామికి అగ్గి పెట్టకపోతే నేను మా నాయనకు పుట్టలే" అన్నాడు. అన్నది నిజమే, అతనూ కాదనలేదు. ఆ మాట అన్న వారం లోపలే చంద్రమోహన్ కళ్ళంలో పశువుల మేతకు వేసిన వేరుశెనగ కట్టె వామి తగలబడిపోయింది. వామి పక్కన కాపలాకు పడుకున్న సుంకప్ప అనే ముసలాయన అందులో కాలిపోయి చనిపోయాడు.

తెల్లవారేసరికి రంగప్ప పోలీసుల దగ్గర ఉన్నాడు. ఆ రాత్రి వామి వైపు నడిచిపోతుంటే చూశానని చంద్రమోహన్ దగ్గర పనిచేసే మనిషి ఒకడు చెప్పాడు. నిప్పు పెట్టడం, మనిషి చావుకు కారణం కావడం, రెండు నేరాలూ మోపారు. జామీను అడిగితే రెండుసార్లూ కోర్టు కాదన్నది. రంగప్ప భార్య హనుమమ్మ మందను ఒక్కతే తోలుకోలేక ఒక్కొక్కటిగా గొర్రెలను అమ్ముకుంటూ వచ్చింది.

తాను ఆ వైపు పోయిన మాట నిజమేననీ, తప్పిపోయిన గొర్రెపిల్లను వెతుక్కుంటూ పోయాననీ రంగప్ప చెప్పాడు. యశోద నమ్మింది. గంగాదేవికి మాత్రం నమ్మాలో వద్దో తెలియలేదు. తెలియకుండానే వాదించాల్సిన ఉద్యోగం అది. నమ్మకం ఉన్నా లేకపోయినా ముద్దాయికి తోడు నిలబడాలి. అది ఆమెకు బాగానే తెలుసు, అయినా పడుకున్నప్పుడు ఆ ముసలాయన కాలిపోయిన ఫోటోలు కళ్ళముందుకు వచ్చేవి.

కేసు విచారణకు రాకముందు ఒక మధ్యాహ్నం, యశోద ధర్మవరం కోర్టుకు పోయి ఉంది. గంగాదేవి ఆఫీసులో క్యారియరు విప్పుకుని కూర్చుంది. గుమ్మం దగ్గర ఒక ముసలామె నిలబడింది. తలమీద కొంగు, కాళ్ళనిండా దుమ్ము. రెండు బస్సులు మారి వచ్చానని చెప్పింది.

"నేను ఈరక్కనమ్మా. సుంకప్ప పెండ్లాన్ని."

గంగాదేవి లేచి నిలబడింది. చనిపోయిన మనిషి భార్య, ఇంకొద్దిరోజుల్లో పోలీసుల తరఫున బోనెక్కి సాక్ష్యం చెప్పాల్సిన మనిషి, ముద్దాయి వకీలు ఆఫీసులో నిలబడి ఉంది. సాక్షితో మాట్లాడకూడదని చట్టంలో రాసి ఉండకపోవచ్చు. కానీ చూసేవాళ్ళకు అది వేరేలా కనిపిస్తుంది. సాక్షిని పిలిపించుకుని మాటలు నేర్పించారని ఒక్క అర్జీ పడితే రంగప్ప మునిగిపోతాడు. అతనితో పాటు ఆఫీసు పేరూ పోతుంది. ఆ తర్వాత ఈ గదుల్లోకి వచ్చే ఏ పేదవాడి మాటనూ ఎవరూ నమ్మరు.

"నువ్వు ఈడ ఉండకూడదమ్మా" అంది గంగాదేవి.

"ఒక మాట చెప్పి పోతానమ్మా. కూకోను కూడా కూకోను."

"నాకు చెప్పొద్దు. ఏముండినా కోర్టులో జడ్జిగారి ముందర చెప్పు. ఇప్పుడు పో తల్లీ."

ఈరక్క ఇంకేదో అనబోయింది. పెదవులు కదిలాయి. గంగాదేవి చేయి అడ్డం పెట్టింది. అటెండర్ ఓబన్నను పిలిచి, ఆమెను బస్సు ఎక్కించి రమ్మంది. ముసలామె మెట్లు దిగిపోయింది. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదని గంగాదేవికి తర్వాత గుర్తొచ్చింది. క్యారియరులో అన్నం అలాగే మూసిపెట్టింది.

సాయంత్రం యశోద వచ్చాక విషయం చెప్పింది. యశోద ముఖం ఎర్రబడింది. ఆ మనిషి మనకు పనికొచ్చే మాటే చెప్పడానికి వచ్చిందేమో, అంత దూరం నుంచి వచ్చిన ముసలిదాన్ని అలా తోలేయడమేంటి మేడమ్ అంది. పనికొచ్చే మాటే అయితే మనం విన్నాక దానికి విలువ ఉండదని గంగాదేవి చెప్పింది. యశోద ఒప్పుకోలేదు. పల్లెకు పోయి తనే మాట్లాడి వస్తానంది. పోవద్దని గంగాదేవి గట్టిగా చెప్పింది. ఆ తర్వాత చాలా రోజులు యశోద ఆమెతో పని ఉంటే తప్ప మాట్లాడలేదు. మేడమ్‌కు భయం, అంతకన్నా ఏం లేదు అని ఎవరితోనో అన్నదని కూడా గంగాదేవి చెవిన పడింది.

అది అబద్ధమని గంగాదేవి తనకు తాను చెప్పుకోలేకపోయింది. రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే అదే ఆలోచన. ఏమిటా మాట? రంగప్పే నిప్పు పెట్టాడు, నేను కళ్ళారా చూశాను అని చెప్పడానికే వచ్చిందేమో. నా మొగుణ్ణి చంపినవాడి పక్కన ఎట్లా నిలబడతావమ్మా అని అడిగి పోదామని వచ్చిందేమో. లేదంటే నిజంగానే రంగప్పను కాపాడే మాట ఆమె దగ్గర ఉండి, తన భయం వల్ల అది అలాగే వెనక్కి పోయిందేమో. ఈలోపు ఆమె మనసు మారిపోవచ్చు. ఆమె ఉంటున్నది చంద్రమోహన్ ఇచ్చిన కొట్టంలో. కొడుకు పనిచేసేది చంద్రమోహన్ దగ్గర. ఆ ఇంటి అన్నం తింటూ ఎన్నాళ్ళని ఒక మాటను దాచుకుంటుంది?

విచారణ తేదీ దగ్గర పడ్డాక గంగాదేవి, యశోదను వెంటబెట్టుకుని రంగప్పను చూడటానికి జైలుకు పోయింది. రంగప్ప బాగా చిక్కిపోయాడు. మాట్లాడేటప్పుడు కళ్ళు నేలమీదే ఉన్నాయి. గంగాదేవి అతనికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఈరక్క ఒకరోజు వచ్చిపోయిన సంగతి, తను వినకుండా పంపేసిన సంగతి. ఇప్పుడు కోర్టులో ఆమెను రెండు మామూలు ప్రశ్నలు అడిగి వదిలేయవచ్చు. అట్లా వదిలేస్తే నువ్వు అటు పోతుంటే చూసినవాడు ఒకడు, బెదిరింపు విన్నవాళ్ళు నలుగురు మిగులుతారు. వాళ్ళ మాట మీద కేసు ఎటైనా పోవచ్చు. లేదంటే ఆ రాత్రి గురించి ఆమెను నేరుగా అడగవచ్చు. ఆమె ఏం చెబుతుందో మాకు తెలియదు. నీకు ఎదురు చెబితే దాన్ని వెనక్కి తీసుకోలేం.

రంగప్ప సుంకప్ప గురించి చెప్పుకొచ్చాడు. మంద తోలుకుని ఆ పక్క పోయినప్పుడల్లా ముసలాయన పిలిచి కూర్చోబెట్టుకునేవాడట. ఇద్దరూ బీడీలు తాగేవాళ్ళట. ఒకసారి బీడీ చేతిలో పెట్టుకుని నిద్రపోయి ముసలాయన కంబళి కాల్చుకుంటే, ఈరక్క తిట్టిన తిట్లు తనకూ పడ్డాయట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం కొంచెం నవ్వాడు.

గంగాదేవి, యశోద ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇది ముందే యాల చెప్పలేదప్పా?" అని యశోద అడిగింది.

"సచ్చిపోయిన మనిసి మీద నేనేం చెప్పేదమ్మా. ఆయప్పే కాల్చుకున్న్యాడని నేనంటే ఎవురు నమ్ముతారు?" అన్నాడు. మళ్ళీ, "అడగండమ్మా. ఆయవ్వ అబద్దం చెప్పదు" అన్నాడు.

ఆ మాటతో యశోదకు ధైర్యం వచ్చింది. గంగాదేవికి మాత్రం ఇంకా భయం పెరిగింది. బీడీ అలవాటు ఉన్నంత మాత్రాన ఆ రాత్రి ఏం జరిగిందో తెలిసినట్టు కాదు. ఆమె అబద్ధం చెప్పదని ఒక ఖైదీ నమ్ముతున్నాడు, అంతే. ఆ నమ్మకం మీద అతని బతుకంతా పెట్టాలి.

విచారణ హిందూపురంలో. ఆరోజు ప్రశ్నలు అడగాల్సింది తనేనని చివరిదాకా అనుకుంది గంగాదేవి. రైల్లో కూర్చుని మనసు మార్చుకుంది. కేసును మొదటినుంచీ మోసింది యశోద. ఈరక్క తడబడితే కన్నడంలో అందుకోగలిగేదీ ఆ పిల్లే. పైగా తన గొంతులో వణుకు కోర్టుకు వినిపిస్తే సాక్షికి కూడా భయం పుడుతుంది. స్టేషన్‌లో దిగాక ఆ మాట చెబితే యశోద నమ్మలేనట్టు చూసింది. ఆటోలో కోర్టు దాకా కేసు కాగితాలు తిరగేస్తూ కూర్చుంది.

ముందు చంద్రమోహన్ సాక్ష్యం అయింది. బెదిరింపు మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. చెప్పి, బయటకు పోకుండా వెనక బెంచీలో కూర్చున్నాడు. తర్వాత ఈరక్కను పిలిచారు. ప్రభుత్వ వకీలు అడిగినవాటికి ఆమె ఒక్కో ముక్కలో జవాబిచ్చింది. భర్త కాపలాకు పోయాడు. పొద్దున చూస్తే లేడు. రంగప్పకు, చంద్రమోహన్‌కు తగువు అయిన మాట నిజం.

యశోద లేచింది. నిప్పు పెట్టినవాళ్ళను నువ్వు చూశావా అని అడిగింది. చూడలేదంది ఈరక్క. రంగప్పకు, మీ ఆయనకు పగ ఏమైనా ఉందా? లేదు, ఇద్దరూ స్నేహంగానే ఉండేవాళ్ళంది. అక్కడ ఆపితే ఆపవచ్చు. యశోద కాగితాలు చేతిలో పట్టుకుని ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసింది.

ముద్దాయి బోనులో రంగప్ప తలవంచుకుని ఉన్నాడు. అతని వెనక జనంలో హనుమమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. గంగాదేవి వద్దని తల అడ్డంగా ఊపితే ఎవరికీ తెలియదు. మామూలుగా కేసు ముగిసిపోతుంది. ఏమైనా అయితే సాక్ష్యం అలా వచ్చింది, మనమేం చేస్తాం అనుకోవచ్చు. ఆ ఆలోచన రాగానే ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. అడగమన్నట్టు తల ఊపింది.

యశోద మెల్లగా అడిగింది. "అవ్వా, మీ ఆయనకు బీడీ తాగే అలవాటు ఉండేదా?"

ఈరక్క వెనక బెంచీ వైపు చూసింది. చంద్రమోహన్ కూడా ఆమెనే చూస్తున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జవాబు చెప్పమని జడ్జిగారు అన్నారు. ఆమె కన్నడంలో ఏదో గొణిగింది. భయపడకుండా నీకు వచ్చినట్టే చెప్పమ్మా, ఇక్కడ నిన్ను ఎవరూ ఏమీ అనరు అని ఆయన మళ్ళీ అన్నారు. గంగాదేవి బెంచీ అంచును పట్టుకుని కూర్చుంది.

"తాగుతాండె" అంది ఈరక్క.

"ఆ రాత్రి కూడా తాగినాడా?"

"మాపటేళ నేను సంగటి ఎత్తుకపోయి ఇచ్చినా. బీడీలు లేవు తెచ్చియ్యి అని అడిగె. వద్దంటి. కంబళి కాల్చుకున్న్యావు కదా ఒకసారి, వామి కాడ వద్దంటి. సలి ఎక్కువుండాది, నిద్ర రాదు అనె." ఆమె అక్కడ ఆగింది. కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు అలాగే కారిపోతున్నాయి. "నేనే తెచ్చిచ్చినా సామీ. బీడీ కట్టా నేనే ఇచ్చినా, అగ్గిపెట్టె నేనే ఇచ్చినా. ఇచ్చి ఇంటికి పోయి పండుకొంటి."

యశోద ఇంకేమీ అడగలేదు. కూర్చుంది.

ప్రభుత్వ వకీలు కోర్టు అనుమతి తీసుకుని మళ్ళీ లేచాడు. ఈ మాటలు పోలీసులకు ఎందుకు చెప్పలేదని గద్దించాడు. వాళ్ళు అడిగినప్పుడు చంద్రమోహన్ పక్కనే నిలబడి ఉన్నాడనీ, ఆయన వామి తన మొగుడి వల్ల కాలిపోయిందని ఆయన ముందర ఎట్లా చెప్పేదనీ ఆమె అంది. అప్పుడా వకీలు, నువ్వు పెనుకొండలో ముద్దాయి వకీళ్ళ ఆఫీసుకు పోయినావా లేదా అని అడిగాడు. ఆమె బస్సు దిగడం ఎవరో చూసి చెప్పి ఉంటారు.

"పోయినా" అంది ఈరక్క.

వాళ్ళు నీకేం నేర్పించారు అన్నాడాయన.

"ఏం నేర్పిచ్చేది సామీ? ఆ మేడమ్మ నా నోరు కూడా తెరవనీలే. కోర్టులో చెప్పుపో అని గుమ్మంలో నుంచే తరిమేసె. ఏడ్చుకుంటా పోయినా."

జడ్జిగారు తలెత్తి గంగాదేవి వైపు చూశారు. ఆమె తల వంచుకుంది. ఈరక్క సాక్ష్యం నిలబడింది, అది తనకు అర్థమైంది. అయినా ఆ ముసలామె నోటి వెంట ఆ మాట వినడం, అంతమందిలో, ఆమెకు సంతోషం ఇవ్వలేదు. ఆరోజు తిరుగు బండిలో యశోద, తనేమన్నా తప్పుగా మాట్లాడి ఉంటే మనసులో పెట్టుకోవద్దు మేడమ్ అంది. గంగాదేవి ఆ పిల్ల చేతిని ఒకసారి నొక్కి వదిలేసింది.

కొన్ని వారాల తర్వాత తీర్పు వచ్చింది. రంగప్ప నేరం చేశాడనడానికి రుజువు లేదని విడుదల చేశారు. బయటకు వచ్చినవాడు హనుమమ్మను ముందుగా గొర్రెలెన్ని మిగిలాయని అడిగాడు. మూడు అంది ఆమె. అతను కోర్టు అరుగు మీద కూలబడి చాలాసేపు లేవలేదు.

ఆఫీసులో అందరూ సంతోషించారు. గంగాదేవి మాత్రం ఈరక్క ఏమైందని హనుమమ్మను అడిగింది. ఈరక్కను కొట్టం ఖాళీ చేయమన్నారనీ, కొడుకును పనిలోంచి తీసేశారనీ, ముసలామె తనకల్లులో కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందనీ హనుమమ్మ చెప్పింది. కేసు ముగిసింది కాబట్టి ఇప్పుడు ఆమెతో మాట్లాడటానికి అడ్డు లేదు. ఒక ఆదివారం గంగాదేవి తనకల్లు బస్సు ఎక్కింది. పోయి ఏం చెప్పాలో దారంతా ఆలోచించినా తెలియలేదు.

ఈరక్క కూతురి ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది. గంగాదేవిని చూడగానే లేచి లోపలికి పోబోయింది. గంగాదేవి పిలిచాక ఆగింది. ఇద్దరూ కూర్చున్నారు. ఆరోజు ఎందుకు పంపేయాల్సి వచ్చిందో గంగాదేవి మెల్లగా, సాక్షి అంటే ఏమిటో, ఆ మాట తను ముందే విని ఉంటే ఏమయ్యేదో విడమరిచి చెప్పింది. మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపినందుకు మన్నించమని అడిగింది. ఈరక్క వింది. అర్థమైందో లేదో తెలియలేదు. ఆమె మనసు ఇంకెక్కడో ఉంది.

"పోలీసోళ్ళు నా కాడికి ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగింది.

"ఎందుకొస్తారు?"

"అగ్గిపెట్టె నేను కదా ఇచ్చింది. జడ్జిసామి ముందరే ఒప్పుకొంటి. బండి సప్పుడైతే లోపలికి పోతాండా. నా బిడ్డకు చెప్పలే."

గంగాదేవికి అప్పుడు అర్థమైంది. సాక్ష్యం చెప్పిన రోజునుంచీ ఈ మనిషి ఇదే భయంతో బతుకుతోంది. భర్తను తనే చంపుకున్నానని ఒకవైపు, ఎప్పుడొచ్చి పట్టుకుపోతారోనని మరొకవైపు. నిజం చెబితే తనకూ శిక్ష పడుతుందని అనుకుంటూనే ఆ బోనులో ఆ మాట చెప్పింది.

"రారమ్మా. చలికి బీడీ అడిగితే ఇచ్చినావు. అది నేరం కాదు" అంది గంగాదేవి. ఈరక్క నమ్మనట్టు చూసింది. గంగాదేవి మళ్ళీ చెప్పింది. కూతుర్ని బయటకు పిలిచి, ఆమె ముందు ఇంకోసారి చెప్పింది. ఏ రాత్రి ఎవరు వచ్చి పిలిచినా తనకు ఫోన్ చేయమని, కూతురి ఫోన్లో తన నంబరు ఎక్కించింది.

"నీకు దుడ్లు ఇచ్చుకొనేదానికి మాకాడ లేవమ్మా" అంది ఈరక్క.

దుడ్లు అక్కరలేదనీ, ఆఫీసు ఉన్నదే అందుకనీ గంగాదేవి చెప్పింది. కూతురు లోపలినుంచి చెంబుతో మజ్జిగ తెచ్చింది. ఈరక్క చెంబు అందుకుని తనే గ్లాసులో పోసి గంగాదేవి చేతికిచ్చింది. చల్లగా ఉన్నప్పుడే తాగు, ఎండన పడి వచ్చినావు అంది. గంగాదేవి తాగింది. రెండో గ్లాసు కూడా తాగింది. కదిరి వైపు పోయే బస్సు వచ్చేదాకా ముగ్గురూ అరుగు మీదే ఉన్నారు. ఈరక్క సుంకప్ప గురించి, అతని కోపం గురించి, మందలో ఏ గొర్రె ఎవరిదో గుర్తుపట్టే అతని చూపు గురించి చెప్పుకుంటూ పోయింది. రోడ్డుమీద జీపు శబ్దం వినిపించినప్పుడు ఒక్కసారి ఆగి, గంగాదేవి ముఖంలోకి చూసి, మళ్ళీ మొదలుపెట్టింది.